నికోలాసా పెట్టే తప్పులు

నికోలాసా కొట్టుకి ఎవరొచ్చినా ఆవిడ అడిగే మొదటి మాట ఒకటే. "ఏ తరగతి?"

ఏం కావాలో తరవాత చెప్పుకోవచ్చు. గాలిమరైనా, సిరంజీల్లో నీళ్ళు తోస్తే లేచే చెయ్యైనా, అట్టపెట్టె లిఫ్టైనా, పుల్లఐసు పుల్లల వంతెనైనా ఆవిడ వేళ్ళకి ఒకటే. పిల్ల ఏ తరగతో తెలిస్తేగానీ దాంట్లో ఏ తప్పు పెట్టాలో తెలియదు. రెండో తరగతికి జిగురు మీద బొటనవేలి ముద్ర. నాలుగుకి రంగు గీత దాటి కిందికి కారాలి. ఆరుకి ఒక చక్రం మిగతావాటికంటే కాస్త పెద్దది. ఎనిమిదికి వచ్చేసరికి తప్పు దాక్కోవాలి, వెతికే పంతులికి మాత్రమే దొరకాలి. లోపలి వరసలో ఒకే ఒక్క పుల్ల, గోరంత వంకర. అది దొరకగానే పంతులి ముఖం విచ్చుకుంటుంది. ఇది పిల్ల చేతి పనే అని మార్కులు వేసేస్తాడు.

సాంతా రూఫీనా ఊళ్ళో బడి వెనక సందులో మా కొట్లు పక్కపక్కనే. నాది జిరాక్సు. పిల్లల వ్యాసాలు కూడా నేనే రాసి పెడతాను, కాబట్టి ఆవిడని వేలెత్తి చూపే అర్హత నాకు లేదు. మీ చేతులతో చేసుకు రండి అని బడిలో చెప్తారు. ఆ చేతులు మా సందులో దొరుకుతాయి. రేకుల కప్పుల మీద వడగళ్ళు పడే సాయంత్రాల్లో, సందంతా తడిసిన అట్ట వాసనతో, బార్లీ కషాయం ఆవిరితో నిండిపోయినప్పుడు, ఊళ్ళో పిల్లల తెలివంతా ఇక్కడే ఉడుకుతున్నట్టు ఉంటుంది.

పుల్లలు లోయలోంచి బస్సు మీద మూటల్లో వస్తాయి. నికోలాసా వాటిని కళ్ళతో ఏరదు. ఒడిలో పోసుకుని, ఒక్కొక్కటీ రుబ్బురాయి మీద పడేస్తుంది. గలగల పలికిన పుల్ల కుడిపక్కకి. మూగగా పడిన పుల్ల పొయ్యిలోకి. ఆ చప్పుడు వింటూ నేను పదిహేనేళ్ళు కాయితాలు జిరాక్సు తీశాను. చిన్న వాన ఎక్కడో దూరంగా, మన మీద పడకుండా కురుస్తున్నట్టు ఉండేది.

ఈ తప్పుల విద్య ఆవిడకి ఎలా వచ్చిందో ఒకసారి చెప్పింది. తొమ్మిదేళ్ళప్పుడు కొండమీది పల్లెనుంచి తీసుకొచ్చి పంతులమ్మ బల్దియాన్ ఇంట్లో పనికి పెట్టారు. ఆ ఇంటి కొడుకు అరిస్తిదేస్‌కి పదకొండేళ్ళు. బరువులెత్తే కప్పీ ఒకటి చేసుకు రమ్మని బడిలో చెప్పారు. వాడు అట్ట కోసుకుని, వేలు కోసుకుని, ఏడుస్తూ కూర్చున్నాడు. నికోలాసా అంట్లు తోమడం అయ్యాక దారపు కండెలతో, చీపురు పుల్లలతో కప్పీ చేసి పెట్టింది. అది ఒక వేలితో తిప్పితే ఇనప ఇస్త్రీపెట్టెని లేపేది.

మర్నాడు వాడు బళ్ళోనుంచి ఎర్రబడ్డ మోకాళ్ళతో వచ్చాడు. ఇది నువ్వు చెయ్యలేదురా అని రెండు గంటలు కంకర మీద మోకరిల్లబెట్టారట.

"వేళ్ళు కలిపి పైకి పెట్టు," అన్నాడు నికోలాసాతో.

పెట్టింది. ఐదు వేళ్ళ కొసలూ మొగ్గలా కలిపి. వాడు చెక్క స్కేలుతో ఆ కొసల మీద కొట్టాడు.

"ఈసారి తప్పు పెట్టు. అర్థమైందా, నికూచా? నేను చేసినట్టుండాలి."

నికూచా అనేది వాడు పెట్టిన పేరు. రెండో కప్పీలో ఆవిడ ఒక కండెని పక్కకి జరిపింది. దానికి బడిలో బహుమతిగా ఎర్ర రిబ్బను వచ్చింది. పంతులమ్మ దాన్ని హాల్లో అద్దాల చట్రంలో బిగించింది. ఏడేళ్ళపాటు ఆ అద్దం మీద దుమ్ము తుడిచింది నికోలాసాయే.

ఈ కథ చెప్తున్నప్పుడు ఆవిడ గొంతులో కోపం లేదు. ఫలానా చోట కుట్టు నేర్చుకున్నాను అన్నట్టే చెప్పింది. చెప్తూనే ఎవరిదో మూడో తరగతి గాలిమరకి ఒక రెక్క పొట్టిగా కత్తిరించింది.

ఆవిడ కూతురు ఎలీదా. బాప్తిస్మంలో దాన్ని ఎత్తుకున్న జ్ఞానతండ్రిని నేనే. కన్నతండ్రి గనుల వైపు పోయి అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. ఎలీదా ఆ పుల్లల మూటల మీదే నిద్రపోయి, పుల్లలే బొమ్మలుగా ఆడుకుని పెరిగింది. నాలుగేళ్ళకే కళ్ళు మూసుకుని, రాయి మీద పడ్డ పుల్లని బట్టి "ఇది మంచిది, ఇది చచ్చింది" అని చెప్పేది. పదమూడు వచ్చేసరికి నది మీది ఇనప వంతెన దగ్గరికి పోయి, దాని కడ్డీలు లెక్కపెట్టి, బొమ్మ గీసుకొచ్చేది.

"మావయ్యా, ఆ వంతెనలో నాలుగు కడ్డీలు ఊరికే ఉన్నాయి తెలుసా? తీసేసినా పడదు."

"తీసి చూడకే తల్లీ. నేను ఆదివారం దాని మీదుగానే పోవాలి."

ఆ ఏడాది నికోలాసా కళ్ళల్లో పొర కమ్మడం మొదలైంది. కొవ్వొత్తి చుట్టూ ఇంద్రధనుస్సు కనపడుతోందని నవ్వుతూ చెప్పింది. తరవాత నవ్వు లేకుండా చెప్పింది. "వచ్చే ఏడు కొట్లో ఎలీదా కూర్చోవాలి, అన్నా. లేకపోతే ఎట్లా? బడి మానాలి మరి."

దానికి తప్పించుకునే దారి ఒక్కటే ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలకి ఏటా జరిగే వంతెనల పోటీ. పుల్లలు, జిగురు, ఇంకేం వాడకూడదు. రెండు బల్లల మధ్య నిలబెట్టి, నడిమికి బకెట్ కట్టి, ఇసక పోస్తారు. ఎక్కువ మోసిన వంతెన గెలుస్తుంది. గెలిచిన పిల్లని రాజధాని లీమాలో సాంకేతిక బడికి పంపుతారు. చదువు, తిండి, పడక అన్నీ వాళ్ళవే. జిల్లా మొత్తానికి ఒకే సీటు. వచ్చే ఏటికి ఎలీదా తొమ్మిదో తరగతి, పోటీకి పనికిరాదు.

"నువ్వు పో," అంది నికోలాసా. "నా సంగతి నేను చూసుకుంటా. నా వేళ్ళకి కళ్ళున్నాయి."

పోటీకి మూడు వారాల ముందు దోన్యా ఆల్బినా మా సందుకి వచ్చింది. మా కొట్లకి లైసెన్సులిచ్చే సంత అధికారి భార్య. ముందు నా దగ్గరికే వచ్చింది. పక్క కొట్టు చూపించింది నేనే.

"ఏ తరగతి?" అంది నికోలాసా అలవాటుగా.

"ఎనిమిది. మా రోసాల్బాకి పోటీ వంతెన కావాలి, నికోలాసా. గెలిచేట్టుండాలి సుమా."

నికోలాసా జిగురు కుంచె కింద పెట్టింది. "ఆ పోటీకి మా పిల్ల కూడా పోతోందమ్మగారూ."

"మంచిదేగా, పోనీ! మా దానికి ఆ లీమా సీటు అక్కర్లేదులే. వాళ్ళ నాన్న ఎక్కడో అక్కడ చేర్పిస్తాడు. రిబ్బనుతో ఫొటో దిగాలని సరదా, అంతే." ఆల్బినా తలెత్తి కప్పు రేకుల వంక చూసింది. "మీ లైసెన్సులు ఎప్పుడు మారతాయి? కార్నివాల్ పండగ అయ్యాకేగా?"

"అవునమ్మగారూ."

"మరింకేం!"

అలా ఒకే బల్ల మీద రెండు వంతెనలు లేచాయి. ఈ చివర తల్లి రోసాల్బాది, ఆ చివర కూతురు తనది. మధ్యలో జిగురు డబ్బా ఒకటే. ఒకళ్ళ పని వంక ఒకళ్ళు చూసుకునేవాళ్ళు కారు. బట్టల క్లిప్పులు మాత్రం చేతులు మారేవి.

"అమ్మా, రెండు క్లిప్పులు."

"తీసుకో. నీ చివర గాలి తగుల్తోంది, తలుపు చేరవెయ్యి."

రోసాల్బా వంతెనలో నికోలాసా ఒక్క తప్పుతో ఊరుకోలేదు. మూడు పెట్టింది. ఒకటి పంతులి కోసం. మిగతా రెండూ కూతురి కోసం. నేను చూశానని ఆవిడకి తెలుసు. "చూడనట్టుండన్నా," అంది. "ఈ రెండు చాలు. బకెట్ నిండే లోపు కూలుద్ది."

ఎలీదా వంతెన ఆదివారం మధ్యాహ్నం పూర్తయింది. అది బల్ల మీద ఉన్నట్టు లేదు. గాలిలో గీసిన గీత ఎండి అక్కడే నిలిచిపోయినట్టు ఉంది. త్రికోణంలోనుంచి త్రికోణం, దాంట్లోనుంచి ఇంకోటి, కిటికీ వెలుగు ఒక్కోదాంట్లో ఆగి ఆగి పోతోంది. ఎక్కడా జిగురు బొట్టు లేదు. నికోలాసా ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, వేలి కొసతో చివరినుంచి చివరిదాకా తడిమింది.

"ఒక్కటి పెట్టుకో," అంది చివరికి. "ఇదిగో ఇక్కడ, రెండో త్రికోణంలో. బలం తగ్గదు."

"తప్పా? నా దాంట్లో ఎందుకమ్మా? ఇది నేనే చేశాగా!"

"అందుకే."

"అందుకే ఏంటి?"

"నమ్మరే. నా మాట వినవే."

ఎలీదా నా వైపు తిరిగింది. "మావయ్యా, నువ్వు చెప్పు. నిజంగా నేను చేసినదానికి అబద్ధం అతికించాలా?"

మీ అమ్మ మాట విను అనాల్సింది నేను. "పిల్ల అన్నదే న్యాయం కదా, నికోలాసా," అన్నాను. అది చాలా తేలిగ్గా నోట్లోంచి వచ్చింది.

ఎలీదా కషాయం తెస్తానని గ్లాసులు పట్టుకుని పోయింది. అది సందు మలుపు తిరగ్గానే నికోలాసా చిన్న కత్తి తీసింది. రెండో త్రికోణంలో ఒక పుల్ల అంచున మొన ఆనించింది. కాస్త నొక్కితే చాలు. అలాగే ఉండిపోయింది. తరవాత కత్తి తుడిచి డబ్బాలో పెట్టేసింది.

"ఇంత శుభ్రంగా నేనెప్పుడూ చెయ్యలేదన్నా," అంది. "నన్ను చెయ్యనివ్వలేదు."

పోటీ రోజున బడి హాల్లో ముప్ఫై వంతెనలు వరసగా పెట్టారు. న్యాయనిర్ణేత లీమానుంచి వచ్చిన ఇంజనీరు. బూడిదరంగు కోటు, వెండి తల. ఆయన్ని వేదిక మీదికి పిలిచి పేరు చెప్పినప్పుడు నా పక్కన నికోలాసా చేతులు శాలువాలోకి లాక్కుంది. ఇంజనీరు అరిస్తిదేస్ బల్దియాన్.

ఆయన ఒక్కో వంతెన ముందూ వంగి, సన్నటి లైటు వేసి లోపలి వరసలు చూస్తూ వచ్చాడు. రోసాల్బాది దగ్గర ఆగాడు. చాలాసేపు ఆగాడు. ముఖం విచ్చుకుంది.

"ఇదిగో, ఇక్కడ ఒక పుల్ల వంకర. ఇక్కడ ఇంకోటి. ఈ పిల్ల చెయ్యి వణికింది, అయినా వదల్లేదు. నిజాయితీ అంటే ఇది."

హాలు చప్పట్లు కొట్టింది. రోసాల్బా తల్లి వైపు చూసింది. తల్లి నవ్వమని సైగ చేసింది.

ఎలీదా వంతెన దగ్గర ఆయన లైటు ఆర్పేశాడు.

"ఇది ఎవరు చేశారమ్మా?"

"నేనే, ఇంజనీరు గారూ."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే."

"చేసి చూపించు మరి. ఒక అతుకు."

పుల్లలు, జిగురు తెప్పించారు. ఎలీదా రెండు పుల్లలు ఏరి, అలవాటు కొద్దీ బల్ల మీద పడేసి విని, ఒకటి పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది. కొసలు గీకి, జిగురు వెంట్రుకంత పూసి, కలిపి, ఊదింది. ఎంత సేపు? మీరు ఒక గ్లాసు నీళ్ళు తాగేంత సేపు. దాని ముఖంలో ఎంత ధైర్యమో! చేసి చూపిస్తే అయిపోతుంది అనుకుంది పాపం.

ఇంజనీరు ఆ అతుకుని వెలుగులో తిప్పి చూశాడు. "ఇది విద్యార్థి చెయ్యి కాదు. పనివాళ్ళ చెయ్యి. పనివాళ్ళ చెయ్యి చేస్తే ఎవరో చెప్పి చేయించినట్టే. తప్పు లేని పిల్లల పని నేను ఇంతవరకూ చూడలేదు."

అప్పుడు నికోలాసా లేచింది. వరసల మధ్య తడుముకుంటూ ముందుకి పోయింది. శాలువాలోంచి చేతులు బయటికి తీసింది. వేళ్ళ కొసలు ఐదూ మొగ్గలా కలిపి, ఆయన ముందు పైకి పెట్టింది.

"బాబుగారూ, మీకు తెలుసు కదా. ఇది పిల్ల సొంతంగా చేసింది. తప్పు పెట్టమన్నా పెట్టలేదు. కప్పీ గుర్తుందా బాబుగారూ?"

ఆయన ఆ వేళ్ళ వంక చూశాడు. గుర్తుపట్టాడు. నేను దూరంనుంచే చూశాను, ఒక్క రెప్పపాటు ఆ వెండి తల కింద పదకొండేళ్ళ ముఖం. తరవాత చేతులు చాచి ఆవిడని గుండెలకి హత్తుకున్నాడు.

"నికూచా! ఇంకా ఉన్నావా!" భుజం మీద చెయ్యేసి హాలు వైపు తిప్పాడు. "మిత్రులారా, ఈవిడ మా ఇంట్లో పెరిగింది. ఈ జిల్లా మొత్తంలో ఇంత మంచి చేతులు ఇంకొకరికి లేవు. చిన్నప్పుడే నేను చూశాను. అందుకే ఇంత ఖచ్చితంగా చెప్పగలుగుతున్నాను. ఈ వంతెన ఈవిడదే. ఒకసారి చప్పట్లు కొట్టండి!"

కొట్టారు. లేచి నిలబడి కొట్టారు. నికోలాసా ఏదో అంటోంది. పెదాలు కదులుతున్నాయి. చప్పట్లలో ఎవరికీ వినపడలేదు.

నా పక్క కుర్చీలో దోన్యా ఆల్బినా. వేయించిన మొక్కజొన్న గింజల పొట్లం నా ముందుకి చాచింది. "తీసుకోండి. వేడిగా ఉన్నాయి." తీసుకున్నాను. రోసాల్బా వంతెనని ఎవరు చేశారో లేచి చెప్పగలిగినవాడిని హాల్లో నేనొక్కణ్ణే ఉన్నాను. నోట్లో గింజలున్నాయి. నమిలాను.

ఎలీదా వంతెనని పోటీలోంచి తీసి పక్కన పెట్టించి, ఇసక పోశారు. మిగతా వంతెనలు చిటపటమని విరిగాయి. రోసాల్బాది ముప్పాతిక బకెట్ దగ్గర కూలింది. ఆ రెండు తప్పులూ వాటి పని అవి చేశాయి. అయినా అందరికంటే అదే ఎక్కువ మోసింది. రిబ్బను కట్టారు, ఫొటో తీశారు. లీమా సీటు మాకొద్దని ఆల్బినా అక్కడికక్కడే చెప్పేసింది. నిబంధన ప్రకారం రెండోవాళ్ళకి ఇవ్వరు కాబట్టి ఆ ఏడాది సీటు ఖాళీగా పోయింది.

"ఇప్పుడు సరదాకి మా నికూచా వంతెన చూద్దాం," అన్నాడు ఇంజనీరు.

బకెట్ నిండింది. వంతెన కదల్లేదు. ఇంకో బకెట్ కట్టారు. అదీ నిండింది. ఎలీదా బల్ల పక్కన నిలబడి ఉంది. ప్రతి చెంబు ఇసకకీ దాని ముఖంలో కొంచెం వెలుగు వస్తోంది. ఇంత మోస్తే నమ్మక తప్పదని అది లెక్కేసుకుంటోంది. మూడో బకెట్ సగానికి ఇనప కొక్కెం సాగింది గానీ పుల్ల విరగలేదు.

"చూశారుగా?" అన్నాడు ఇంజనీరు చెమట తుడుచుకుంటూ. "పిల్లలు ఇది చెయ్యగలరా, మీరే చెప్పండి!"

చెయ్యలేరని హాలంతా అంది.

"నాది!" అని అరిచింది ఎలీదా. "అది నాది!"

పక్క వరసలో ఎవరో నవ్వారు. "అమ్మది నీది కాక ఎవరిదే!"

విరగని వంతెనని ఎలీదా రెండు చేతులా మోసుకుంటూ ఇంటికి నడిచింది. నికోలాసా వెనకే, దాని గౌను అంచు పట్టుకుని. ఆ సాయంత్రం వెలుగు ఆవిడ కళ్ళకి అప్పటికే చాలడం లేదు. సందు మొదట్లో ఎలీదా ఆగింది.

"ఆదివారం నేను పైసల కోసం వెనక్కి వచ్చా. నువ్వు కత్తి తీయడం కిటికీలోంచి చూశా. పెట్టేస్తావనుకున్నా. నేనేం అనేదాన్ని కాదు." తల్లి వైపు తిరిగింది. "ఎందుకు పెట్టలేదమ్మా?"

నికోలాసా చెయ్యి వంతెన వైపు పోయింది. "బాగుంది కదే," అంది.

"పెట్టాల్సింది."

అంతే. గౌను అంచు లాక్కుని ముందు నడిచింది. నికోలాసా గోడ పట్టుకుని కొట్టు చేరింది.

కార్నివాల్ అయ్యాక లైసెన్సులు మారాయి. మా ఇద్దరివీ ఏ ఇబ్బందీ లేకుండా మారాయి. ఎలీదా బడి మానింది. ఇప్పుడు బల్ల దగ్గర అదే కూర్చుంటుంది. తల్లికి పగలూ చీకటీ ఒకటైపోయాయి. ఒడిలో పుల్లలు పోసుకుని, రుబ్బురాయి మీద ఒక్కొక్కటీ పడేస్తూ మూలన కూర్చుంటుంది. ఆవిడకి మిగిలిన పని అదొక్కటే.

తప్పులు పెట్టడంలో ఎలీదా తల్లిని మించిపోయింది. నికోలాసావి జాలి గల తప్పులు, చూసినవాళ్ళకి పిల్ల మీద ముద్దు పుట్టేవి. ఎలీదా పెట్టేవి చూస్తే చేసిన పిల్ల కాస్త తెలివితక్కువదేమో అనిపిస్తుంది. పంతుళ్ళకి అవే ఎక్కువ నచ్చుతున్నాయి.

ఆ వంతెన ఏడాదిపాటు కప్పు దూలానికి వేలాడింది. మొన్న ఒకాయన వచ్చి తలెత్తి చూశాడు.

"అదేదో బాగుందే. పోటీ ఎల్లుండే, కొత్తది చేసే టైము లేదు కదా. అదిస్తారా?"

ఎలీదా స్టూలెక్కి దాన్ని దించింది. గుడ్డతో దుమ్ము తుడిచింది.

"ఏ తరగతి?"

"ఎనిమిది."

చిన్న కత్తి తీసింది. రెండో త్రికోణంలోకి మొన దించి, ఒక పుల్లని టక్కున లేపింది. గోరంత పక్కకి జరిపి, జిగురు కాస్త ఎక్కువే పూసి, బొటనవేలితో నొక్కింది.

మూలన రుబ్బురాయి మీద పుల్లల చప్పుడు ఆగింది. నేను జిరాక్సు మూత ఎత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాను. నికోలాసా ముఖం కత్తి చప్పుడు వచ్చిన వైపు తిరిగి ఉంది, చేతిలో పుల్ల గాలిలో ఉంది.

తరవాత అది రాయి మీద పడింది. మంచి పుల్లే, పలికింది. ఇంకోటి తీసుకుంది.